బొమ్మల నడుమ పులికూన

అపరాధ పరిశోధన కథలలో నేరగాని యుక్తి ఎంత వింతదైతే పాఠకునికి అంత వినోదం. అట్టి కథను తలపించే సంఘటన 2010 ఆగస్టులో థాయ్‌లాండ్ రాజధాని బ్యాంకాక్‌లోని సువర్ణభూమి విమానాశ్రయంలో నిజంగా జరిగింది.

ఇరాన్‌కు బయలుదేరిన ఒక ప్రయాణికురాలి పెద్దపెట్టెను సిబ్బంది ఎక్స్‌రే యంత్రంతో పరీక్షించారు. తెరపై నిజమైన జంతువును పోలిన ఆకారం కనిపించింది. పెట్టె తెరచి చూడగా లోపల పులిబొమ్మలు. వాటి నడుమ మత్తుమందు ప్రభావంతో నిద్రిస్తున్న, సుమారు రెండు నెలల పులికూన! పులిని దాచడానికి పులిబొమ్మలనే తెరగా వాడిన ఆ ఉపాయం నవ్వు పుట్టిస్తుంది. కంటిని మోసగించగలిగిన బొమ్మలు ఎక్స్‌రేను మోసగించలేకపోయాయి. బొమ్మకు ఎముకలుండవు కదా!

అయితే ఈ వినోదం వెనుక ఒక విషాదం ఉంది. తల్లికి దూరమైన ఆ పసికూన పెట్టెలోనే ప్రాణాలు కోల్పోయి ఉండేదేమో. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ‘సైటీస్’ ఒప్పందం 1975లో అమలులోకి వచ్చింది. భారతదేశం 1976లోను, థాయ్‌లాండ్ 1983లోను అందులో చేరాయి. ఆ ఒప్పందం ప్రకారం దేశాల మధ్య పులుల వాణిజ్యం నిషిద్ధం. అయినా దొంగరవాణా ఆగలేదు. కొనేవాడున్నంత కాలం అమ్మేవాడు కొత్త ఉపాయాలు వెతుకుతూనే ఉంటాడు. కనుక వన్యప్రాణి రక్షణ విమానాశ్రయంలోని యంత్రంతో కాదు, కొనబోయే మనిషి వివేకంతో మొదలు కావాలి.