వేలు పెట్టకండి, వెదురు పెట్టండి

పహాడీ షరీఫ్ గుట్టెక్కి, బాబా షర్ఫుద్దీన్ దర్గా దగ్గర నిలబడి కిందికి చూడండి. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక ఇటువైపు ఎన్ని ప్రహరీలు లేచాయో! కంచెల్లోని ఎండుకొమ్మలు, మట్టిగోడల బొక్కలు పోయాయి. వాటిలో గూడు పెట్టుకునే ఒంటరి తేనెటీగలు, తుమ్మెదలు ఎక్కడ తలదాచుకోవాలి?

మీ పెరట్లోనే వాటికో ఇల్లు కట్టండి. జానెడు వెదురు ముక్కలు, ఎండిన ఆముదం కాడలు ఏరండి. వెనక కొస మూసుకుని ఉండాలి, అందుకని కణుపు దగ్గర కోయండి. అగ్గిపుల్ల దూరేంత సన్నవి కొన్ని, చిటికెనవేలు దూరేంతవి కొన్ని. మూతులు గరుకు కాగితంతో నున్నగా రుద్దండి, లేకపోతే రెక్కలు చిరుగుతాయి. వీటిని చెక్కపెట్టెలోనో పగిలిన కూజాలోనో బిగించండి. రేకు డబ్బా వద్దు, మన మే ఎండకు అది పొయ్యి. చూరు కింద, పొద్దుటి ఎండ తగిలేలా, ఊగకుండా కట్టండి. నేను మొదటిసారి తాడుకు వేలాడదీశాను. ఉయ్యాలలో ఎవరు కాపురం పెడతారు!

ఇక్కడిదాకా సులువే. అసలు కష్టం ఆ తర్వాత చేతులు కట్టుకుని కూర్చోవడం. నేనైతే రోజూ పుల్లతో పొడిచి చూసేవాణ్ని.

గులాబీ ఆకు అంచు కత్తెరతో గుండ్రంగా కోసినట్టుంటే మందు కోసం పరుగెత్తుతాం. ఆ పని ఆకు కత్తిరించే తేనెటీగది. ఆ ముక్కను గొట్టంలో పరిచి, పుప్పొడి ముద్ద పెట్టి, దాని మీద ఒక గుడ్డు పెడుతుంది. అడ్డు కట్టి, ముందు ఇంకో గది మొదలెడుతుంది. చివరికి మూతి మూసి వెళ్లిపోతుంది. పిల్ల ఎలా ఉందోనని మళ్లీ తెరిచి చూడదు. పిల్లాడి హోంవర్కు మనమే రాసేసే రాత్రి, కొత్త ఉద్యోగి ఫైలును పూటకోసారి లాక్కునే రోజు, ఈ ఈగను తలుచుకోవాలి.

పేనుబంకదీ ఇదే లెక్క. కనపడగానే మందు కొడితే దాన్ని తినే అక్షింతల పురుగుకు ఆకలే మిగులుతుంది. వారం ఓపిక పట్టండి. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ రైతులకు చెప్పేదీ గట్ల మీద పూల మొక్కలు పెంచి మిత్రపురుగుల్ని పిలవమనే. మీరూ నాలుగు బంతి మొక్కలు నాటండి. వంకాయ చెట్టు ఉంటే ఇంకా మంచిది. వంగపువ్వు పుప్పొడిని అంత తేలిగ్గా వదలదు. తుమ్మెద పట్టుకుని జుమ్మని వణికిస్తే, సన్న రంధ్రాల్లోంచి జలజలా రాలుతుంది.

ఏడాదికోసారి ఖాళీ అయిన కాడలు తీసి కొత్తవి పెట్టండి, పాతవాటిలో నల్లులు చేరతాయి. ఏదైనా వెదురు మూతికి ఆకో మట్టో అడ్డు కనిపించిందా? అద్దెకు దిగారన్నమాట. తలుపు మాత్రం తట్టకండి.