మంచు నిద్రయు పునరుత్థాన నిరీక్షణయు

పఠనీయ భాగములు: యోహాను 11:17-44, 1 కొరింథీయులకు 15:35-54

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణమున, గోల్‌బజార్ పరిసరములలో, మన తెలుగు కుటుంబములు తరతరములుగా కాపురముండుచున్నవి. ఒక యింట తల్లి మరణించినప్పుడు, శ్రీకాకుళము నుండియో విశాఖపట్టణము నుండియో రైలులో రావలసిన కుమారుని కొరకు ఆమె దేహమును మంచుగడ్డలపై నుంచుదురు. అతడు వచ్చి ఆమె ముఖమును కడసారి చూచును. అంతటితో మంచు పని ముగియును. అయితే ఆ మంచును ఎన్నటికిని కరగనీయనియెడల మృతులు ఒకనాడు లేతురా?

లేవవచ్చునని తలంచినవాడు అమెరికా దేశపు భౌతికశాస్త్రోపాధ్యాయుడైన రాబర్ట్ ఎటింగర్. నేటి వైద్యమునకు లొంగని వ్యాధి రేపటి వైద్యమునకు లొంగవచ్చును గనుక అంతవరకు దేహమును కాపాడవలెనని ఆయన 1964లో ఒక గ్రంథమున వాదించెను. 1967 జనవరి 12న క్యాన్సరుతో మరణించిన ఆచార్య జేమ్స్ బెడ్‌ఫోర్డ్ దేహమును ఆ ఉద్దేశముతోనే గడ్డకట్టించిరి. అది నేటికిని అరిజోనా రాష్ట్రమున భద్రపరచబడియున్నది.

ఇప్పటి పద్ధతి యేమనగా, మరణము నిర్ధారణ కాగానే దేహమును చల్లబరచి, రక్తమునకు బదులు రక్షక ద్రవమును ఎక్కించి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంచుదురు. ఆ చలిలో కుళ్లుట నిలిచిపోవును. కాని నీరు మంచు స్ఫటికములైనచో జీవకణములు చీలిపోవును. అందుచేత దేహములోని ద్రవము గాజువలె గట్టిపడునట్లు యత్నింతురు.

ఈ విద్య అంతయు వ్యర్థమని చెప్పరాదు. గడ్డకట్టించి దాచిన మానవ పిండము నుండి 1984లో ఆస్ట్రేలియాలో శిశువు జన్మించెను. కాని ఆ పిండము కొలది కణముల ముద్ద మాత్రమే. ద్రవ నత్రజనిలో నుంచిన మనుష్యుని గాని, కనీసము ఒక ఎలుకను గాని, తిరిగి బ్రదికించినవారు నేటివరకు లేరు. పైగా కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ శ్మశానమున ఇట్లు దాచిన దేహములు, ధనము చాలక సంరక్షణ తప్పి, కుళ్లిపోయినట్లు 1979లో వెల్లడియాయెను.

మన దేశమునను ఇట్టి వివాదము పుట్టెను. 2014 జనవరిలో పంజాబులోని నూర్‌మహల్‌లో అశుతోష్ మహారాజ్ మరణించెనని వైద్యులు నిర్ధారించిరి. శిష్యులు అది సమాధి స్థితియని నమ్మి దేహమును శీతలపేటికలో నుంచిరి. దహనము చేయవలెనని అదే సంవత్సరము డిసెంబరులో హైకోర్టు ఆదేశించెను. 2017లో ధర్మాసనము ఆ ఆజ్ఞను త్రోసివేసి, దేహమును భద్రపరచుకొననిచ్చెను.

ప్రియ చదువరీ, ఆత్మీయులను విడువలేని హృదయమును పరిహసింపకుము. మరియయు తన సహోదరుని కొరకు ఏడ్చినదే గదా! అయితే లాజరు దేహమును ఏ మంచును కాపాడలేదు. నాలుగు దినములకు అది వాసన కొట్టుచుండెను. అయినను ప్రభువు పిలువగా అతడు వెలికి వచ్చెను. పౌలు పునరుత్థానమును చెడని వస్తువుతో పోల్చక, నేలలో చచ్చి మొలకెత్తు విత్తనముతో పోల్చెను. గోల్‌బజారులో మంచు చేపను చెడకుండ నుంచును గాని దానిని మరల ఈదింపలేదు. కాపాడుట వేరు, జీవమిచ్చుట వేరు. కాబట్టి మంచును వీడ్కోలు కొరకు వాడుకొందము. నిరీక్షణను దానిపై నుంచకుందము.

ఆలోచించుడి:
1. దుఃఖములో నున్నవారికి మనము ఏ నిరీక్షణను చూపుచున్నాము?
2. బ్రదికియున్న తల్లిదండ్రులను చూడబోవుటకు ఏ రైలు కొరకు వేచియున్నాము?