అయోడిను కోసం సముద్రపు నాచు: ఎంత, ఎవరికి?

"సముద్రపు నాచును వంటలో వాడితే థైరాయిడ్ బాధలు రావటగదా?" అని మా అచ్చంపేట గృహిణులు నన్ను తరచుగా అడుగుచున్నారు. నల్లమల అంచున, సముద్రానికి ఎంతో దూరాన ఉన్న ఊరిలో ఈ ప్రశ్న వినిపించడం ముచ్చటగానే ఉన్నది. కాని వీరిలో కొందరు అయోడిను ఉప్పు మానివేసి సైంధవ లవణమో, గళ్ళ ఉప్పో వాడుతున్నామని కూడా చెప్పుచున్నారు. నాకు ఆందోళన కలిగించేది ఈ రెండవ మాటే.

సైంధవాన్ని ఆయుర్వేదం లవణాలలో శ్రేష్ఠమన్నది. అది రుచికి, జీర్ణశక్తికి సంబంధించిన మాట. అందులో అయోడిను స్వల్పం. సముద్రపు ఉప్పు సంగతీ అంతే. సముద్రజలంలోని అయోడిను ఉప్పు మడిలో నిలువదు. దానిని పీల్చి కూడబెట్టుకొనేది నాచు.

పెద్దలకు రోజుకు కావలసిన అయోడిను 150 మైక్రోగ్రాములు. గర్భిణికి, పాలిచ్చే తల్లికి 250 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. తల్లికి లోపమైతే గర్భస్థ శిశువు మెదడు ఎదుగుదల కుంటుపడును. గళగండాన్ని సుశ్రుతుడు వర్ణించినాడు గాని, మెడ వాయక ముందే జరిగే ఈ నష్టం కంటికి కనబడదు. శ్రీకాకుళంలో జన్మించిన డాక్టర్ వి. రామలింగస్వామి 1956లో కాంగ్రా లోయలో ప్రారంభించిన పరిశోధన, ఉప్పులో అయోడిను కలిపితే గళగండం తగ్గునని నిరూపించినది. 1962లో జాతీయ గళగండ నివారణ పథకం ఆ బాటలోనే వచ్చినది.

మన మెట్ట ప్రాంతం వారు తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉన్నది. సజ్జలలోని కొన్ని పదార్థాలు థైరాయిడ్ పనికి అడ్డు తగులునని సూడాన్‌లోని డార్ఫర్ ప్రాంతపు పరిశోధనలు తెలిపినవి. సజ్జలే ముఖ్యాహారమై, అయోడిను కొరత కూడా తోడైనచోట ఇది బాధించును. అప్పుడప్పుడు సజ్జ రొట్టె తినేవారు దానిని మానవలసిన పనిలేదు.

ఇక నాచు. అన్ని నాచులూ ఒకటి కావు. జపాను వారు కొంబు అనే గోధుమరంగు నాచు ఒక్క గ్రాములోనే వెయ్యి మైక్రోగ్రాములకు పైగా అయోడిను ఉండవచ్చును. అది మితిమీరినా గళగండమే! జపానులోని హొక్కైడో తీరవాసులలో అట్టి గళగండాన్ని 1965లో వైద్యులు వివరించినారు. పలుచని అట్టలుగా దొరికే నోరి నాచు మేలు. గ్రాముకు సుమారు 15 నుంచి 40 మైక్రోగ్రాములు. (మనం పుడ్డింగులో వేసే చైనా గ్రాస్ కూడా నాచు నుంచి వచ్చినదే గాని, దానిని అయోడిను కోసం లెక్కించరాదు.)

కావలసినవారు నోరి అట్టను సన్నని సెగపై వేడిచేసి, నలిపి, నువ్వుల పొడిలో కలిపి జొన్న రొట్టెకు నంచుకొనవచ్చును. నలుగురున్న ఇంటికి రోజుకు ఒక అట్ట చాలును. అయినా ప్రధానాధారం అయోడిను ఉప్పే. మన ఇంటికి చేరేసరికి ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిను ఉండవలెనని నిబంధన. డబ్బా మూత బిగించి, పొయ్యికి దూరంగా ఉంచి, కూర దించేముందు ఉప్పు వేయవలెను. రక్తపోటు ఉన్నవారు ఉప్పు పరిమాణాన్ని తగ్గించవలెనే గాని, వాడే ఆ కొద్దిపాటి ఉప్పు అయోడిను కలిపినదే కావలెను.

థైరాయిడ్ మందులు వాడేవారు, మెడలో వాపు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడుగక నాచు ముట్టరాదు. టి.ఎస్.హెచ్. పరీక్ష ముందు చేయించుకొని, ఆ కాగితంతో వైద్యుని వద్దకు వెళ్ళవలెను.