సగం ఖర్చు ఎవరిది?

ఇర్వింగ్, టెక్సస్
ఫిబ్రవరి 2026

చిన్నీ,

నీ మెసేజ్ చదివాను. నిన్న రాత్రి మీ నాన్న కూడా ఫోన్ చేశాడు. ఇద్దరూ ఒకే సంగతి అడిగారు, ఎవరి వైపు నుంచి వాళ్లు. "అద్దె నేనే కట్టుకుంటున్నాను, సరుకులు నేనే కొనుక్కుంటున్నాను, ఇంకా నాన్న తన టాక్స్ రిటర్న్‌లో నన్ను డిపెండెంట్‌గా ఎలా చూపిస్తాడు?" అని నువ్వు. "ఇరవయ్యొక్కేళ్ల పిల్ల, ఇంకా చదువుకుంటోంది, ఫీజు కట్టింది నేను, నా కూతుర్ని నేను కాకపోతే ఎవరు చూపిస్తారక్కా?" అని వాడు. ఇద్దరి మాటల్లోనూ కాస్త మనసు కష్టపెట్టుకున్న ధోరణి కనిపించింది. అందుకే ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చెయ్యకుండా తీరిగ్గా రాస్తున్నాను. ఈ ఉత్తరం మీ నాన్నకి కూడా చూపించు.

నువ్వు సంపాదించుకుంటున్నావా, నాన్నకి నీ మీద హక్కు ఉందా అని అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ అడగదు. 2025లో నువ్వు తిని, ఉండి, చదువుకుని, తిరిగినందుకు మొత్తం ఎంత ఖర్చయింది, అందులో సగం దాటి నువ్వే పెట్టుకున్నావా అని అడుగుతుంది. దానికి జవాబు మీ ఇద్దరి వాదనలో దొరకదు. కాగితం మీద లెక్క వేస్తేనే తేలుతుంది. ఆ లెక్క ఇద్దరూ కలిసి వెయ్యండి. నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే.

ముందు నిబంధనలు చూద్దాం. కన్నబిడ్డని డిపెండెంట్‌గా చూపించాలంటే ఐదు పరీక్షలున్నాయి. మొదటిది బంధుత్వం, అందులో పేచీ లేదు. రెండోది వయసు. డిసెంబరు 31 నాటికి 19 నిండకూడదు, ఫుల్‌టైమ్ స్టూడెంట్ అయితే 24 నిండకూడదు. ఏడాదిలో ఏవైనా ఐదు నెలల్లో, ఒక్కో నెలలో కొన్ని రోజులైనా సరే, ఫుల్‌టైమ్ చదువులో ఉంటే చాలు. నువ్వు 2025లో జనవరి నుంచి మే దాకా క్లాసులకి వెళ్లి, జూన్ నుంచి కో-ఆప్ ఉద్యోగంలో ఉన్నావు కాబట్టి స్టూడెంట్‌వే. మూడోది నివాసం. ఏడాదిలో సగం కంటే ఎక్కువ కాలం అమ్మానాన్నలతో ఉండాలి. అయితే చదువు కోసం ఇంటికి దూరంగా ఉన్న రోజులు ఇంట్లో ఉన్నట్టే లెక్క. అట్లాంటాలో అపార్ట్‌మెంట్ తీసుకున్నంత మాత్రాన ఫ్రిస్కోలో ఉన్న అమ్మానాన్నల ఇల్లు నీది కాకుండా పోదు. నాలుగోది, పెళ్లయి భర్తతో కలిసి జాయింట్ రిటర్న్ వేసి ఉండకూడదు. నీకు ఆ సంగతి ఇప్పుడు అక్కర్లేదు.

ఐదోది పోషణ. మీ తగువంతా ఇక్కడే ఉంది. సగం కంటే ఎక్కువ ఖర్చు నువ్వే పెట్టుకుని ఉంటే అమ్మానాన్నలు నిన్ను చూపించడానికి వీల్లేదు. పెట్టుకోకపోతే చూపించవచ్చు. నువ్వు ఎంత సంపాదించావన్న ప్రశ్న ఈ ఐదింటిలో ఎక్కడా లేదు, గమనించు. లక్ష డాలర్లు సంపాదించి అంతా దాచుకుని, అమ్మానాన్నల డబ్బుతో బతికిన విద్యార్థి కూడా డిపెండెంటే అవుతాడు.

ఇప్పుడు నువ్వు పంపిన అంకెలు తీసి లెక్క వేద్దాం. ఐఆర్‌ఎస్ పబ్లికేషన్ 501లో ఇందుకోసమే ఒక వర్క్‌షీట్ ఉంది. తిండి, బస, బట్టలు, చదువు, వైద్యం, ప్రయాణాలు, సరదాలు, అన్నీ పోషణలోకే వస్తాయి. నువ్వు కట్టిన ఇన్‌కమ్ టాక్స్, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు రావు. నీకొచ్చిన 8,000 డాలర్ల స్కాలర్‌షిప్ కూడా ఎవరి వైపూ పడదు, దాన్ని పక్కన పెట్టెయ్.

నీ వైపు: అద్దె నెలకి 900 చొప్పున 10,800 డాలర్లు. తిండికి 3,600. బట్టలు, బస్సు, టికెట్లు, మిగతా చిల్లర ఖర్చులు 2,600. ఇవి నీ జీతంలోంచి వెళ్లాయి, మొత్తం 17,000. ఇవికాక ఫీజులో 5,000 నీ పేరు మీద తీసుకున్న స్టూడెంట్ లోన్‌తో కట్టావు. ఆ అప్పు తీర్చాల్సింది నువ్వే కాబట్టి అది కూడా నువ్వు పెట్టిన ఖర్చే. అంతా కలిపి 22,000.

నాన్న వైపు: ఫీజులో 11,000. హెల్త్ ఇన్సూరెన్స్‌లో నీ వాటా 2,400. ఫోను, కారు ఇన్సూరెన్స్ 2,600. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు నీ తిండికి, గదికి విలువ కడితే 2,000. అంతా కలిపి 18,000.

రెండూ కూడితే 40,000. సగం 20,000. నువ్వు పెట్టుకున్నది 22,000. కాబట్టి ఈ ఏడాదికి నీ మాటే నెగ్గింది. మీ నాన్న నిన్ను చూపించకూడదు. "క్వాలిఫయింగ్ రిలేటివ్" అని ఇంకో దారి ఉందని వాడికి ఎవరో చెప్పారట. ఆ దారిలో వెళ్లాలంటే 2025లో నీ ఆదాయం 5,200 డాలర్ల లోపు ఉండాలి, నీ పోషణలో సగం పైన వాళ్లు పెట్టి ఉండాలి. నీ విషయంలో రెండూ కుదరవు.

అయితే నువ్వు గట్టెక్కింది నీ 27,000 జీతం వల్ల అనుకోకు. రిటైర్మెంట్ కోసం రాత్ ఐఆర్‌ఏలో వేసిన 5,000, బ్యాంకులో మిగిల్చుకున్న కాస్త, ఈ లెక్కలో ఎక్కడా కనబడవు. దాచుకున్న డబ్బు ఖర్చు కాదు. నిన్ను అటు ఒడ్డుకి చేర్చింది ఆ 5,000 అప్పు. అదే అప్పు మీ నాన్న పేరు మీద పేరెంట్ ప్లస్ లోన్‌గా తీసుకుని ఉంటే నీ వైపు 17,000, వాడి వైపు 23,000 పడేది, అప్పుడు నువ్వు డిపెండెంట్‌వే. అదే పిల్ల, అదే ఇల్లు, అదే కాలేజీ. కాగితం మీద ఒక సంతకం మారితే జవాబు మారిపోతుంది. అందుకే ఇందులో పౌరుషాలకి పోవద్దంటున్నాను.

ఇక డబ్బు సంగతి. నువ్వు తప్పుకుంటే నాన్నకి వేలకి వేలు పోతాయని మీ ఇంట్లో ఒక భయం ఉంది. 2017 దాకా అందులో అర్థముండేది. అప్పట్లో డిపెండెంట్‌కి తలకి 4,050 డాలర్ల చొప్పున ఆదాయంలోంచి మినహాయించుకునేవాళ్లు. 2018 నుంచి ఆ మినహాయింపు లేదు. 17 నిండిన డిపెండెంట్‌కి ఇప్పుడు మిగిలింది 500 డాలర్ల క్రెడిట్ ఒక్కటే. నీ వల్ల మీ నాన్న వదులుకుంటున్నది ఆ 500.

నీ వైపు చూడు. 2025కి ఒంటరి మనిషికి స్టాండర్డ్ డిడక్షన్ 15,750. డిపెండెంట్‌కి అయితే జీతానికి 450 కలిపినంత, అదీ 15,750 దాటకుండా. నీ జీతం అంతకంటే ఎక్కువ కాబట్టి ఎలా వేసినా నీకు డిడక్షన్ ఒకటే. 27,000లో 15,750 పోగా 11,250 మిగులుతుంది. దాని మీద పది శాతం, 1,125 డాలర్లు టాక్స్. తేడా వచ్చేది అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ దగ్గర. డిగ్రీ మొదటి నాలుగేళ్లకి ఏడాదికి 2,500 డాలర్ల దాకా ఇచ్చే క్రెడిట్ ఇది. అందులో 1,000 దాకా టాక్స్ లేకపోయినా చేతికి వస్తుంది. ఆ 1,000 చాలామంది విద్యార్థులకి సొంత రిటర్న్‌లో దొరకదు. 24 ఏళ్ల లోపు వాళ్ల సంపాదన వాళ్ల పోషణలో సగానికైనా చాలకపోతే, తల్లిదండ్రుల్లో ఒక్కరైనా బతికుంటే, ఇవ్వరు. నీ సంపాదన సగం దాటింది, కాబట్టి నీకు వస్తుంది. మిగతా 1,500లో నీ టాక్స్ 1,125 వరకూ చెల్లిపోతుంది. మొత్తం 2,125 డాలర్లు నీ లాభం. ఫారం 8863 వెయ్యి, కాలేజీ ఇచ్చే ఫీజుల కాగితం 1098-టి దగ్గర పెట్టుకో.

ఇదే క్రెడిట్ మీ నాన్న తీసుకుందామన్నా దొరకదు. జాయింట్ రిటర్న్ వేసేవాళ్లకి ఆదాయం 1,60,000 దాటితే తగ్గుతూ 1,80,000 దగ్గర పూర్తిగా ఆగిపోతుంది. మీ అమ్మానాన్నల జీతాలు రెండూ కలిపితే ఆ గీత ఎప్పుడో దాటాయి. వచ్చే ఏడాది లెక్క తిరగబడి నువ్వు మళ్లీ డిపెండెంట్‌వి అయ్యావనుకో. అప్పుడు కూడా నాన్న నిన్ను చూపించకుండా వదిలేస్తే, ఆ క్రెడిట్ నువ్వు వాడుకోవచ్చు. 500 వదులుకుని అంతకంటే ఎక్కువ ఇంట్లోకి తెచ్చుకున్నట్టు. ఆదాయం 1,60,000 లోపున్న ఇళ్లలో ఇది తారుమారవుతుంది. పిల్లల్ని చూపించుకోగలిగితే తల్లిదండ్రులకే లాభం. ఫీజు పిల్లలు కట్టినా అది తల్లిదండ్రులు కట్టినట్టే భావిస్తారు. నీ స్నేహితురాళ్లకి సలహా చెప్పేటప్పుడు ఈ తేడా మర్చిపోకు.

ఇప్పుడు ఒక జాగ్రత్త. రిటర్న్‌లో "మిమ్మల్ని మరొకరు డిపెండెంట్‌గా చూపించగలరా" అన్న గడి ఉంటుంది. చూపించారా అని కాదు, చూపించడానికి వీలుందా అని అడుగుతారు. వీలుండి నాన్న వదిలేసినా అక్కడ టిక్కు పెట్టాల్సిందే. ఈ ఏడాది లెక్క ప్రకారం నీకు ఆ అవసరం లేదు. ప్రతి ఫిబ్రవరిలో నా దగ్గరికొచ్చే మనవాళ్ల ఇళ్లలో జరిగేది ఏమిటంటే, పిల్లలు తొందరపడి ఫోన్లోనే ఫైల్ చేసేస్తారు, ఆ గడి చూడరు. నెల తర్వాత తండ్రి పాత అలవాటు ప్రకారం పిల్ల సోషల్ సెక్యూరిటీ నంబరు వేస్తే రిటర్న్ వెనక్కి వచ్చేస్తుంది. ఇద్దరూ చూపించిన చోట ఐఆర్‌ఎస్ ఇద్దరికీ ఉత్తరాలు రాస్తుంది. తప్పు ఎవరిదో వాళ్లు సవరణ ఫారం 1040-ఎక్స్ వేసి, టాక్సూ వడ్డీ కట్టాలి. నిర్లక్ష్యంగా ఈ క్రెడిట్లు తీసుకున్నారని తేలితే రెండేళ్లు, మోసమని తేలితే పదేళ్లు వాటిని ముట్టుకోనివ్వరు. ముందు ఫైల్ చేసినవాళ్లదే హక్కు అన్న రూల్ ఎక్కడా లేదు.

నువ్వు భయపడుతున్న మిగతా రెండూ చెబుతాను. నాన్న రిటర్న్‌లోంచి తప్పుకుంటే ఇన్సూరెన్స్ పోదు. 26 నిండేదాకా వాళ్ల ప్లాన్‌లో ఉండొచ్చు, దానికీ టాక్స్‌కీ సంబంధం లేదు. కాలేజీ ఆర్థిక సాయం కోసం పెట్టే ఎఫ్ఏఎఫ్ఎస్ఏ దరఖాస్తు కూడా వేరే. టాక్స్‌లో సొంతంగా నిలబడ్డావు కదా అని అక్కడ ఇండిపెండెంట్ అయిపోవు. వయసు 24, పెళ్లి, సైన్యంలో పనిచెయ్యడం లాంటివి చూస్తారు, అమ్మానాన్నల ఆదాయం ఇంకా రాయాల్సిందే. ఇక కాలేజీలో ఇప్పుడే చేరిన మీ తమ్ముడికి ఒక మాట చెప్పు. వాడు షేర్లు కొని అమ్మి సంపాదిస్తున్నాడట. జీతం కాని ఆదాయం 2025లో 2,700 డాలర్లు దాటితే, ఆ పైమొత్తం మీద వాడికి తల్లిదండ్రుల రేటుతో టాక్స్ పడుతుంది.

చిన్నీ, మనసులో మాట ఒకటి చెప్పనీ. తెనాలిలో ఉన్న మీ నానమ్మకి మందుల దగ్గర్నుంచి పనిమనిషి జీతం దాకా ప్రతి నెలా పంపేది మీ నాన్నే. ఆవిడకి వేరే ఆధారం లేదు. అయినా ఆవిడని వాడు డిపెండెంట్‌గా చూపించలేడు. పౌరసత్వం ఇక్కడిది కాకపోతే అమెరికాలో గానీ, కెనడాలో గానీ, మెక్సికోలో గానీ నివాసం ఉంటేనే ఈ చట్టం ఒప్పుకుంటుంది. చట్టం ఒప్పుకోలేదని వాడు కొడుకు కాకుండా పోయాడా? మీ సంగతీ అంతే. ఆ గడిలో నీ పేరు ఉన్నంత మాత్రాన నువ్వు చేతకానిదానివి కావు. లేనంత మాత్రాన మీ నాన్న నీకు పెట్టిన 18,000 చిన్నబోదు. వాడు చిన్నబుచ్చుకున్నది 500 డాలర్ల కోసం కాదని నీకూ తెలుసు. పిల్ల చెయ్యి జారిపోతోందేమోనన్న దిగులు అది. నువ్వు ఈ లెక్క పంపేటప్పుడు వాడి వైపు అంకెలు కూడా పూర్తిగా రాయి, ఒక్క డాలరూ తగ్గించకు. ఆ వరస చదివితే నువ్వు మర్చిపోలేదని వాడికి అర్థమవుతుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. ఈ ఆదివారం ఇద్దరూ వీడియో కాల్‌లో కూర్చుని ఆ రెండు వరసలూ ఒకసారి సరిచూసుకోండి. అద్దె రసీదులు, లోన్ కాగితం, 1098-టి, జీతం కాగితం డబ్ల్యూ-2 ఒకే ఫోల్డర్‌లో పెట్టు. మీ నాన్న తన రిటర్న్‌లోంచి నీ పేరు తీసేశాడని ఖాయం చేసుకున్నాకే నీది ఫైల్ చెయ్యి. ఏప్రిల్ 15 దాకా టైముంది, తొందర లేదు. వచ్చే మే నెలలో డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగంలో చేరాక కూడా ఈ లెక్క మానొద్దు. ఆ ఏడాది కూడా ఐదు నెలలు స్టూడెంట్‌గానే ఉంటావు, సగం ఎవరు పెట్టారన్నది మళ్లీ కొత్తగా తేల్చుకోవాలి. ఏ ఏడాది లెక్క ఆ ఏడాదిదే.

జార్జియా రాష్ట్ర రిటర్న్ వేరే వెయ్యాలి, జీతం అక్కడ సంపాదించావు కనుక. అది వేసేముందు నాకు ఫోన్ చెయ్యి, కలిసి చూద్దాం.

ఇట్లు,
నీ అత్త