గ్రాఫిక్ డిజైన్: ఇంట్లోనే నేర్చుకోవచ్చా?

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. మామూలు ల్యాప్‌టాప్ ఉంది. గ్రాఫిక్ డిజైన్ నేర్చుకోవడానికి వేలు పోసి ఆన్‌లైన్ కోర్సులో చేరాలా? – ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇప్పుడే డబ్బు కట్టకండమ్మా. లోగోలకు ఇంక్‌స్కేప్, ఫొటోలకు గింప్ సాఫ్ట్‌వేర్లు ఉచితమే. త్రీడీ మీద మనసుంటే బ్లెండర్ ఉంది. 2025లో ఆస్కార్ గెలిచిన యానిమేషన్ చిత్రం ‘ఫ్లో’ తీసింది దాంతోనే. అయితే వీడియోలు వరసపెట్టి చూసినంత మాత్రాన చెయ్యి తిరగదు. ఒక పాఠం చూడగానే ఆపేసి, మీ వీధి టిఫిన్ సెంటర్‌కి మెనూ తయారుచెయ్యండి. రామభద్ర, మండలి లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. మన ఒత్తులు కింది వరసలోని గుడిదీర్ఘాలకు తగులుకుంటాయి కాబట్టి, వరసల మధ్య ఇంగ్లిష్‌కి వదిలేదానికన్నా ఎక్కువ జాగా వదలండి. ఇంగ్లిష్ పాఠాల్లో ఈ ఊసే కనిపించదు! అచ్చుకిచ్చే ముందు రంగుల్ని సీఎంవైకేలో, అంటే అచ్చు సిరాల రంగుల పద్ధతిలో, చూసుకోండి. తెరమీద మెరిసిపోయే ఆకుపచ్చ కాగితం మీద వెలవెలబోతుంది.