వానకు ముందే గడప తొక్కు

కర్నూలు

నాయనా,

కడపలో మీ వీధి పిల్లలంతా కలిసి సహాయ బృందం పెట్టుకున్నారని, అందులో మూడు మతాలవాళ్ళూ ఉన్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమైంది. 2020 నవంబరులో నివర్ తుఫానుకు బుగ్గవంక ఊళ్ళోకి ఎట్లా వచ్చిందో నువ్వు చూసినావు. మరుసటి ఏడు నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పులపత్తూరు, మందపల్లి ఊళ్ళు ఏమైనాయో కూడా నీకు తెలుసు. కరువు సీమలో వరద మాట ఎవరూ తలవరు. మీరు తలచినారు.

2009 అక్టోబరు 2న మా కర్నూలు మునిగింది. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగినాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి, నీళ్ళు మా మీదికి ఎగదన్నినాయి. పాత ఊర్లో కింది ఇళ్ళవాళ్ళు మిద్దెలున్న ఇళ్ళకు పరుగెత్తినారు. మా వీధిలో ఎవరు ఎవరింటికి ఎక్కినారో ఆ రోజు చూసినా. అంతకుముందు పండక్కో, పెండ్లికో, పురిటికో పోయివచ్చిన ఇంటికే ఎక్కినారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆలోచించే తీరిక ఉండదు, తెలిసిన ఇంటికే కాళ్ళు పోతాయి. కాబట్టి మీ పనంతా వానకు ముందే ఉండాది.

ఆ రాకపోకలు మన పెద్దలు పెట్టిపోయినవే. ఉగాదినాడు మీ దేవుని కడప గుడికి ముస్లింలు వచ్చి, వెంకటేశ్వరుని పెండ్లాడిన బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ అని ఆ స్వామికి టెంకాయ కొడతారు. మీ ఊరి పెద్ద దర్గాలో హిందువులు మొక్కు తీర్చుకుంటారు. బ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య దూదేకుల ఇంటి బిడ్డ. జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రిని క్రైస్తవ మిషనరీలు పెడితే అన్ని మతాలవాళ్ళూ అక్కడ వైద్యం చేయించుకున్నారు.

అయితే పండగ పరిచయం గడప దాకే. ఆపదలో ఇంటి లోపలి సంగతి తెలిసుండాల. మంచం మీదున్న ముసలాయన ఎవరు, నెలలు నిండిన గర్భిణి ఎవరు, ఇన్సులిన్ ఎవరికి కావాల, ఇంటింటికీ పోయి రాసుకోండి. కొన్ని ఇళ్ళలో మగపిల్లలకు తలుపు తీయరు, ఆడపిల్లలను ముందు పెట్టండి. గుడి మండపం, మసీదు, చర్చి హాలు, వీటిలో ఏది మెరక మీద ఉందో, తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఇప్పుడే కనుక్కోండి. వంట శాకాహారమే చేయండి, అందరూ తింటారు. రంజాన్ నెలైతే తెల్లారకముందే సహరీకి పొయ్యి వెలగాల. చావు వస్తే ఎవరి ఆచారం ఏమిటో ఆ ఇంటి పెద్దను అడిగి చేయండి. అన్నం పొట్లం మీద ఎవరి ఫొటోనూ వద్దు. పెట్టేచోట ప్రార్థన చేయమనొద్దు, జై కొట్టమనొద్దు.

ఇంకొకటి చెప్పాల. 2020 ఏప్రిల్లో కరోనా కాలంలో మా డాక్టర్ కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్ పోయినారు. రెండు రూపాయల డాక్టరని పేరు. ఇచ్చినంత తీసుకునేవారు, ఎవరినీ మతం అడగలేదు. తెలంగాణ, కర్ణాటక ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చేవాళ్ళు. సరిగ్గా ఆ రోజుల్లోనే రోగాన్ని ఒక మతానికి అంటగట్టే మాటలు ఫోన్లలో తిరిగినాయి. ఆయన చేతి మందు తిన్న మా వీధివాళ్ళు ఆ మాటలను ఒకరికొకరు పంపుకోలేదు. వరద నీళ్ళు నాలుగు రోజుల్లో తీస్తాయి, అట్లాంటి మాట మనసుల్లో ఏండ్లు నిలుస్తుంది. అందుకని మీ బృందంలో ఒక కట్టుబాటు పెట్టుకోండి: ఎవరి మీదైనా పుకారు వస్తే ఇంకొకరికి పంపకముందే ఆ మనిషి ఇంటికి పోయి అడగాల.

వచ్చే ఆదివారమే మొదలుపెట్టు. మీ వీధిలో నువ్వు ఇంతవరకూ పోని ఇల్లు ఏదో చూసుకో. పుస్తకం పట్టుకొని మొదట ఆ ఇంటికే పో, మంచినీళ్ళు ఇస్తే తాగు, వాళ్ళకేం కావాలో అడిగి రాసుకో.

ఇట్లు,
మీ పెద్దనాయన