ఇయర్‌బడ్స్ నుంచి మెటావర్స్ దాకా: సైన్స్ ఫిక్షన్ రచయితలు ముందే ఊహించిన 5 టెక్నాలజీలు

‘మాయాబజార్’ (1957)లో శశిరేఖ ప్రియదర్శిని పెట్టె తెరవగానే అభిమన్యుడు కనిపిస్తాడు. ఇప్పుడు చూస్తే అచ్చం ల్యాప్‌టాప్‌లో వీడియో కాల్‌లా ఉంటుంది. కానీ అది మాయ. ఎలా పనిచేస్తుంది, ఆగిపోతే ఏంటి గతి అని అక్కడ ఎవరూ అడగరు. ఆ ప్రశ్నలు అడిగేదే సైన్స్ ఫిక్షన్. మనం రోజూ వాడే గ్యాడ్జెట్లను రచయితలు ఎప్పుడు ఊహించారో, దాంతోపాటు ఏం హెచ్చరించారో చూద్దాం.

1. వీడియో కాల్ (1909)

ఇ.ఎం. ఫార్‌స్టర్ రాసిన ‘ది మెషిన్ స్టాప్స్’ కథలో మనుషులంతా భూమి లోపల ఎవరి గదిలో వాళ్లు ఉంటారు. గుండ్రటి ప్లేటులో ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకుంటారు. తిండి, సంగీతం అన్నీ బటన్ నొక్కితే వస్తాయి. చివరికి ఆ మెషిన్ ఆగిపోతుంది. దాన్ని పూర్తిగా అర్థం చేసుకుని బాగుచేసే మనిషే మిగలడు.

2. రోబో (1920)

ఈ పదాన్ని ప్రపంచానికి ఇచ్చింది చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకం. చెక్ భాషలో ‘రోబోటా’ అంటే దాదాపు మన వెట్టిచాకిరీ. ఆ నాటకంలో రోబోలు తిరగబడతాయి. అలాంటి భయానికి జవాబుగా ఐజాక్ అసిమోవ్ 1942లో మూడు రోబో సూత్రాలు రాశాడు. తమాషా ఏంటంటే, ఆ సూత్రాలు ఎక్కడ బెడిసికొడతాయో కూడా ఆయన కథలే చెబుతాయి.

3. ఇయర్‌బడ్స్ (1953)

రే బ్రాడ్‌బరీ నవల ‘ఫారెన్‌హీట్ 451’లో హీరో భార్య చెవుల్లో గవ్వల్లాంటి బుల్లి రేడియోలు పెట్టుకుని రాత్రంతా వింటూనే ఉంటుంది. పక్కనే ఉన్న భర్త మాట మాత్రం ఆమెకు చేరదు. ఇంట్లో గోడంత టీవీలు కూడా ఉంటాయి. మన ఇళ్లలో ఈ సీన్ కొత్తేమీ కాదు కదా!

4. ట్యాబ్లెట్ (1968)

‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ సినిమాలో వ్యోమగాములు భోజనం చేస్తూ పల్చటి స్క్రీన్ మీద వార్తలు చూస్తారు. 2011లో ఆపిల్‌తో నడిచిన ట్యాబ్లెట్ డిజైన్ కేసులో సామ్‌సంగ్ ఈ సీన్‌నే కోర్టు ముందు పెట్టింది. అదే కథలో హాల్ 9000 అనే మాట్లాడే కంప్యూటర్ ఉంది. స్పేస్‌షిప్ మొత్తం దాని చేతుల్లో ఉంటుంది, అదే ఎదురు తిరుగుతుంది.

5. మెటావర్స్ (1992)

నీల్ స్టీఫెన్‌సన్ నవల ‘స్నో క్రాష్’లో పుట్టిన మాట ఇది. 2021లో ఫేస్‌బుక్ కంపెనీ తన పేరును మెటాగా మార్చుకుంది. నవలలో హీరోకు వర్చువల్ ప్రపంచంలో మంచి పేరుంది, బయట మాత్రం సామాన్లు దాచుకునే అద్దె గదిలో బతుకుతాడు. ఆ సంగతి ఎవరూ గుర్తు చేయరు.

వీళ్లు జ్యోతిష్కులు కాదు

విలియం గిబ్సన్ ‘న్యూరోమాన్సర్’ (1984)లో సైబర్‌స్పేస్‌ను అద్భుతంగా ఊహించాడు. అందులో మొబైల్ ఫోన్ మాత్రం లేదు, పబ్లిక్ ఫోన్లే మోగుతుంటాయి. పరికరం విషయంలో రచయిత పొరబడొచ్చు. మనిషి ఎలా మారిపోతాడన్నది మాత్రం బాగా పట్టుకుంటాడు.

మరి మనకేంటి ఉపయోగం?

ఈ కథల్లో ఫీచర్లన్నీ మనకు వచ్చేశాయి, హెచ్చరికలే షెల్ఫ్‌లో మిగిలాయి. కాబట్టి కొత్త గ్యాడ్జెట్ కొనేముందు కెమెరా, ర్యామ్‌తోపాటు ఈ మూడూ చూడండి:

- కంపెనీ సర్వర్ ఆగిపోతే ఇది పనిచేస్తుందా? (ఫార్‌స్టర్ ప్రశ్న)
- నేను వద్దంటే ఆగుతుందా? ఆఫ్ బటన్ నా చేతిలోనే ఉందా? (హాల్ 9000 ప్రశ్న)
- ఇది వచ్చాక ఇంట్లో వాళ్లతో మాటలు పెరుగుతాయా, తగ్గుతాయా? (బ్రాడ్‌బరీ ప్రశ్న)

మొదటి ప్రశ్నకు జవాబు ఈ రాత్రే తెలుసుకోవచ్చు. స్మార్ట్ బల్బు, స్పీకర్, కెమెరా ఏది ఉన్నా సరే, ఒక పది నిమిషాలు ఇంట్లో వైఫై ఆపేసి చూడండి. ఏవి మీ మాట వింటున్నాయో, ఏవి మొరాయిస్తున్నాయో మీకే అర్థమవుతుంది.